కడలిలో నీటి కఱవు: టెంకి చేపయు, ఎడారి యుడుతయు

పెద్దలారా, నేడు రెండు జంతువులను గూర్చి మాటలాడుటకు వచ్చితిని. ఒకటి సముద్రపు టడుగున ఇసుకమీద చాప పఱచినట్లు పడియుండు టెంకి చేప. దీనినే తీరమందలి బెస్తలు టేకు చేప యనియు నందురు. రెండవది చుక్క నీరు కానరాని ఎడారిలో బొరియ త్రవ్వుకొని బ్రదుకు నేల యుడుత. ఒకటి చేప, ఒకటి పాలిచ్చి పిల్లలను పెంచు జంతువు. ఒకటి నీట మునిగియున్నది, ఒకటి నీటికి దూరముగా నున్నది. ఈ రెండింటిని ఒక త్రాసున తూచుట యేమని మీరు నవ్వవచ్చును. అయితే ఈ రెండును నీటి కఱవు దేశములోనే కాపురమున్నవి. ఎడారి మాట తెలిసినదే. సముద్రములో నీటి కఱవేమిటి? అది చెప్పుటకే యీ ప్రసంగము.

గోదావరి యొడ్డున పర్ణశాలలో నున్న మీకు ఉప్పునీటి బాధ తెలియదు. మీకు తెలిసిన యుడుతయు ఎడారి యుడుత గాదు. వీపుపై మూడు చారలు గల చెట్టు ఉడుత. సీతారామలక్ష్మణులు వనవాసమున పర్ణకుటి గట్టుకొని వసించిరని చెప్పుకొను చోట మీరున్నారు గనుక, ఉడుత కథను మీకు నేను చెప్పనక్కఱలేదు. వాల్మీకమున లేకున్నను మన రంగనాథ రామాయణమున ఆ కథ యున్నది. సముద్రమున మునిగి, ఇసుకలో దొర్లి, ఆ యిసుకను వారధిపై దులిపినదట ఆ యుడుత. ఆ పనిలో దానికి దప్పి యెత్తియుండును గదా, ఎదుటనున్న సముద్రమునే త్రాగియుండునా, త్రాగిన బ్రదికియుండునా యని నాకు చిన్ననాటనుండి యొక సందేహము. ఆ సందేహమును తీర్చునదే నేటి ఎడారి యుడుత. దానిని పిదప చూతము. ముందుగా టెంకిని చూతము.

టెంకి సొఱచేపకు దాయాది. దాని యొడలిలో గట్టి యెముక లేదు; అంతయు మృదులాస్థి, అనగా మన చెవిడొప్పను నిలిపియుంచు మెత్తని యెముక వంటిది. ప్రక్కలనున్న ఱెక్కలు తలతో గలిసిపోయి యొక పళ్లెరమువలె నగును. నోరు క్రిందివైపున, కన్నులు పైవైపున ఉండును. ఇసుకలో దాగియున్నప్పుడు నోటితో నీరు పీల్చినచో ఇసుకయు లోపలికి బోవును గనుక, కన్నుల వెనుక రెండు రంధ్రములు పెట్టుకొని వాని ద్వారా శ్వాసించును. పెక్కు జాతులకు తోకపై రంపపు పండ్లవంటి విషపు ముల్లు గలదు. అది గ్రుచ్చుకొనిన బాధ తేలుకాటును మించునందురు. ఓర్చుకొనగలిగినంత వేడినీటిలో కాలు ఉంచిన బాధ తగ్గును. మఱియొక జాతికి ముల్లు లేదు, విద్యుచ్ఛక్తి గలదు. తాకినవాని చేయి మొద్దువాఱును.

ఈ చేపల తెలుగు పేర్లకు ఒక చరిత్ర గలదు. పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు దేశపు వైద్యుడు 18వ శతాబ్ది కడపట విశాఖపట్టణమున నుండి, బెస్తలు తెచ్చిన చేపలకు బొమ్మలు వ్రాయించి, వారు చెప్పిన పేర్లను తన చెవికి వినబడినట్లు వ్రాసికొనెను. ఆ గ్రంథము 200 చేపల వర్ణనలతో 1803లో లండనులో అచ్చయినది. అందు టెంకి జాతులు పెక్కు గలవు. విద్యుత్తు గల చేపకు ఆయన వ్రాసిన పేరు "తెమెరీ". అది మన తిమ్మిరియే యని వేఱుగ జెప్పవలయునా! ఎరెగూడూ టెంకీ యని ఆయన వ్రాసిన మఱియొక దాని పేరు నేటికిని ప్రపంచ శాస్త్రజ్ఞుల వాడుకలో "మొబులా ఎరెగూడూ" యని నిలిచియున్నది. చేపల శాస్త్రమునకు లాటిను పేర్లిచ్చినవారు పండితులు గాని, ఈ పేరిచ్చినవాడు మన తీరమున వల లాగిన బెస్తవాడు.

టెంకి మీ ప్రాంతమునకు బొత్తిగా పరాయిది యనుకొనవలదు. గోదావరిని ఎదురెక్కి ప్రాణహిత దరికి బోయినచో ఆసిఫాబాదు సీమ వచ్చును. అచ్చట దక్కను నల్లరాతి పొరల నడుమ చిక్కిన మట్టిలో, ఆఱుకోట్ల సంవత్సరములకు పైబడిన కాలపు టెంకి దంతములు దొరకినవి. ఆ జాతికి 1993లో "ఇగ్డబాటిస్ ఇండికస్" అని పేరు పెట్టిరి.

ఇక నీటి కఱవు మాట. మాగాయకు మామిడి ముక్కలు తఱిగి, ఉప్పు గలిపి జాడీలో మూడు దినములుంచుదురు. మూత తీసి చూచునప్పటికి ముక్కలు ఊటలో తేలుచుండును. ఆ ఊట ఎక్కడిది? మీరు నీరు పోయలేదు. ముక్కలోని నీటిని వెలుపలి యుప్పు లాగినది. పలుచని పొరకు ఒకవైపు ఉప్పు ఎక్కువగాను, ఒకవైపు తక్కువగాను ఉన్నయెడల నీరు తక్కువవైపునుండి ఎక్కువవైపునకు బోవును. ఇది ప్రకృతి ధర్మము. జాడీలోను ఇదియే, సముద్రములోను ఇదియే.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల యుప్పు గలదు, అనగా మూడు తులములు. వంజరము, చందువ మొదలగు ముల్లుచేపల నెత్తురులోని లవణముల మొత్తము సముద్రమందలి దానిలో ఇంచుమించు మూడవ పాలు మాత్రమే. కావున సముద్రములో ఈదు వంజరము జాడీలో వేసిన మామిడిముక్క వంటిదే. మొప్పల ద్వారా దాని యొడలి నీరు అనుక్షణము వెలుపలికి బోవుచుండును. చుట్టును నీరే యుండి చేప యెండిపోవుచున్నది! ఆ చేప చేయునదేమనగా, ఎడతెగక సముద్రపు నీటిని త్రాగి, దానితో వచ్చిన యుప్పును మొప్పలతో మరల బయటికి నెట్టుచుండును. ఎంత పని!

టెంకి ఈ పనికి పూనుకొనలేదు. అది వేఱొక యుపాయము పన్నినది. ఆ యుపాయమునకు సాధనము మీ యిండ్లలో బస్తాలుగా నున్నది. అదియే యూరియా.

పొలమునకు చల్లు యూరియాయు, మన మూత్రమునందలి యూరియాయు ఒక్కటే పదార్థము. పప్పు, పాలు, మాంసము మొదలగు వానిని ఒడలు వాడుకొనిన పిమ్మట మిగులు నత్రజనిని మన కార్జము యూరియాగా మార్చును. మూత్రపిండములు దానిని వడియగట్టి పాఱవేయును. మన లీటరు నెత్తురులో ఇది గ్రామునకు మూడవ పాలు. రెండు గ్రాములకు పెరిగినచో మూత్రపిండములు చెడినవని వైద్యుడు మంచమెక్కించును. టెంకి నెత్తురులోనో, లీటరుకు ఇరువది గ్రాముల యూరియా! మనకు చావు తెచ్చు కొలతకు ఎన్నో రెట్లు. 1858లో జర్మను శాస్త్రజ్ఞులు స్టెడెలర్, ఫ్రెరిక్స్ ఈ సంగతిని ప్రకటించిరి. ఆ చేప రోగిష్టిది గాదు, కావలెననియే నిలువజేసికొనినది. దాని మూత్రపిండములు వడియగట్టిన యూరియాలో నూటికి తొంబది పాళ్లకు పైగా మరల నెత్తురులోనికి లాగుకొనును. మొప్పలు దానిని జాఱనీయవు.

దీనివలన లాభమేమి? నెత్తురులో ఉప్పు తక్కువయైనను, ఉప్పును యూరియాను గలిపి చూచినచో లోపలి చిక్కదనము సముద్రపు చిక్కదనమునకు సమానమై, ఒక పిసరు మించును. అప్పుడు నీరు వెలుపలికి బోవుటకు మాఱుగా మెల్లమెల్లగా లోపలికే వచ్చును. టెంకి సముద్రమును త్రాగవలసిన యగత్యము లేదు. మామిడిముక్క తానే ముందుగా జాడీయంత చిక్కనైనచో ఊట యెట్లు దిగును?

అయితే యూరియా అంత సాధువు గాదు. అది మాంసకృత్తుల కట్టును సడలించును. అందులకు విరుగుడుగా టెంకి తన కండలలో ట్రైమిథైలమీన్ ఆక్సైడు అను మఱియొక పదార్థమును, రెండు పాళ్ల యూరియాకు ఒక పాలు చొప్పున, చేర్చుకొనును. యూరియా సడలించినదానిని ఇది బిగించును. చేప చచ్చిన పిదప సూక్ష్మజీవులు యూరియాను అమ్మోనియాగా విఱుచును; రెండవ దానినుండి చేపకంపు పుట్టును. అందుచేతనే టెంకిని పట్టినవెంటనే శుభ్రపఱచి, కోసి, ఉప్పువేసి యెండబెట్టుదురు. సంతలో ఎండుచేపల గంప చెంత ముక్కు చిట్లించుకొనువారు, ఆ ఘాటు ఒకప్పుడు ఆ చేపను సముద్రములో ఎండిపోకుండ కాచిన మందని తెలిసికొందురు గాక.

తిండితోను మొప్పలద్వారాను చొఱబడిన యుప్పు సంగతి మిగిలినది. దానిని వెడలించుటకు టెంకికిని సొఱకును పురీషనాళము కడ వ్రేలివంటి గ్రంథి యొకటి గలదు. అది యెందుకున్నదో చిరకాలము ఎవరికిని తెలియలేదు. 1960లో బర్గర్, హెస్ అను శాస్త్రజ్ఞులు చిన్న సొఱచేపలలో పరీక్షించి, అది చిక్కని యుప్పునీటిని చిమ్మునని కనుగొనిరి. ఆ పరీక్షలు జరిగినది అమెరికాలో మౌంట్ డెజర్ట్ అను దీవి. ఎడారి మాట పేరులో గల దీవిలోనే కడలి జంతువు కీలు బయటపడుట నాకు వేడుకగా తోచును.

ఈ వ్యవహారమంతయు ఉప్పునీటి కొఱకే యనుటకు మంచి సాక్ష్యమొకటి యున్నది. దక్షిణ అమెరికాలోని అమెజాను నదిలో కేవలము మంచినీట బ్రదుకు టెంకులు గలవు. వాని పూర్వులు సముద్రమునుండి వచ్చినవి. తరతరములుగా తీపినీట నుండుటచేత వాని నెత్తురులో యూరియా నిలువ లేకపోయినది. ఆ సంగతి 1967లో ప్రకటితమైనది. ఇప్పుడు వానిని ఉప్పునీట వేసినను మునుపటి విద్య మరల రాదు. అక్కఱలేని గాదెను కూలద్రోసికొనిన రైతు వంటివి.

ఇక ఉడుత. మన దేశపు థారు ఎడారిలో పగటిపూట బొరియలనుండి వెడలి తిరుగునది ఉడుత గాదు, ఎడారి యెలుక. నిజమైన ఎడారి యుడుతలను చూడవలెనన్న ఆఫ్రికా దక్షిణమున కలహారికో, అమెరికా నైరుతిమూల మొహావేకో పోవలయును. మొహావే యుడుత మన చెట్టు ఉడుతంతటిదే. తూకమునకు నూఱు గ్రాములు. వీపున మూడు చారలకు బదులు ప్రక్కకొకటిగా రెండు తెల్లచారలు. ఎడారి జంతువులలో పెక్కు రాత్రి తిరుగును, పగలు దాగును. ఇది వేసవి పగలు కూడ తిరుగును. అదియే దాని వింత.

దాని తోక అడుగుభాగము తెలుపు. ఎండలో తోకను వీపుమీదికి మడిచి గొడుగు పట్టుకొనును. కలహారి యుడుతయు అంతే; దాని తోక మఱింత కుచ్చుగా నుండుటచే మఱింత నీడ. టెంకి తోకలో ఆయుధమున్నది, ఉడుత తోకలో గొడుగున్నది. ఒడలి వేడిని చల్లార్చుటకు మనము చెమట పోయుదుము. ఉడుతకు అంత నీటిని పాఱబోయు స్తోమత లేదు. కావున ఒడలు కాగినకొలది కాగనిచ్చును. 43 డిగ్రీల వఱకును ఓర్చుకొనును. మనకైన అది ప్రాణాపాయపు జ్వరము. పిమ్మట బొరియలోనికి దూఱి, చల్లని మట్టికి పొట్ట నానించి, కాళ్లు చాచి, బోర్ల పడుకొనును. వేడి నేలలోనికి దిగును. కొంతసేపటికి మరల బయటికి వచ్చును. దినమంతయు ఇట్లే. వేసవి మధ్యాహ్నమున మామిడికొమ్మను కఱచుకొని చదునుగా పడియున్న మన యుడుతను మీరు చూచియే యుందురు. అదియు ఈ పద్ధతిలోనిదే.

నీరెక్కడిది? ఆకులు, గింజలు, పురుగులు, వీనిలోని తేమయే. ఆ కొంచెమును దక్కించుకొనుటలోనున్నది దాని నేర్పు. దానికిని యూరియా పుట్టును. దానిని వెడలింపక తప్పదు. వెడలించుటకు నీరు కావలయును. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున బార్తొలొమ్యూ, హడ్సన్ అను శాస్త్రజ్ఞులు ఈ యుడుతను శోధించి 1961లో జనులకు దెలిసిన మాటలలో వ్రాసిరి. దాని మూత్రము నెత్తురుకంటె పది రెట్లకు మించి చిక్కనగును. మానవుని మూత్రము ఎంత చిక్కనైనను నాలుగు రెట్లను దాటదు. సముద్రపు నీరు మన నెత్తురుకంటె మూడింతలు పైగా చిక్కన. లెక్క చూడుడు: ఉడుత మూత్రము సముద్రముకంటె ఎంతయో చిక్కన, కనుక ఉప్పునీరు త్రాగినను, ఉప్పును వెడలించి నీటిని మిగుల్చుకొనగలదు. నా చిన్ననాటి సందేహమునకు ఇది సమాధానము. వారధి కట్టిన యుడుత మొహావే సంతతిదైనచో సముద్రము త్రాగియు బ్రదికియుండును. మన చెట్టు ఉడుత సంగతి నేను పూచీపడను.

అంత చిక్కని మూత్రమును మూత్రపిండమెట్లు చేయును? ఇచ్చటనే నాకు మిక్కిలి యింపైన సంగతి యున్నది. మూత్రపిండము లోపలి భాగమున వెండ్రుకకంటె సన్నని గొట్టములు క్రిందికి దిగి, వంపు తిరిగి, మరల పైకెక్కును. ఆ లోపలి భాగమున ఉప్పును యూరియాయు మిక్కిలి చిక్కగా కూడబెట్టబడియుండును. మూత్రము ఆ పక్కగా దిగివచ్చునప్పుడు, ఆ చిక్కదనము మాగాయ జాడీవలెనే మూత్రమునందలి నీటిని లాగి నెత్తురునకు తిరిగి యిచ్చును. ఉడుతలో ఆ గొట్టములు పొడుగు, ఆ నిలువ గొప్పది. ఆలోచింపుడు! టెంకి యూరియాను ఒడలంతట నిలువజేసి నీటిని పట్టుకొనినది. ఉడుత దానినే మూత్రపిండపు గర్భమున, చింతగింజంత చోట, నిలువజేసి నీటిని పట్టుకొనుచున్నది. అచ్చటి జీవకణములు యూరియా కీడును తప్పించుకొనుటకు టెంకి వాడిన విరుగుడు వంటి పదార్థములనే చేర్చుకొనును. ఒక దానిని చూచి ఒకటి నేర్చుకొనలేదు. ఉప్పుకడలియు, ఎండు టెడారియు ఒకే చిక్కు పెట్టినవి. చేత నున్న సరకు ఒకటే. యుక్తి ఒకటే దొరకినది.

మనుష్యుని మూత్రపిండమునను ఇదే యేర్పాటు గలదు గాని కొలత తక్కువ. లీటరు సముద్రపు నీరు త్రాగినవాడు దానిలోని యుప్పును వెడలించుటకు లీటరుంబావుకు మించి నీటిని పోగొట్టుకొనును. ఓడ మునిగి తెప్పనెక్కినవారు సముద్రము త్రాగి త్వరగా చచ్చుట ఇందుచేతనే. మెట్టసీమలోనివారమైన మనకు ఆ గండము లేదు. మన గండము ఎండ. భద్రాచలము, కొత్తగూడెము ప్రాంతములలో మే నెలలో 45 డిగ్రీలు దాటుట అరుదు గాదు. 2015 మే నెలలో వీచిన వడగాలికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెంటను గలిపి వేయిమందికి మించి మరణించిరి. ఎండలో శ్రమించువాడు గంటకు లీటరు చెమట పోయవచ్చును. చెమటతో ఉప్పును పోవును.

మీవంటి పెద్దలకు ప్రత్యేకముగా చెప్పవలసినది యొకటి యున్నది. అఱువది దాటిన పిమ్మట మూత్రపిండము మూత్రమును చిక్కబఱచు శక్తి తగ్గును. దానితోబాటు దప్పియు మందగించును. ఒడలిలో నీరు తగ్గినను, నోరు దానిని చెప్పదు. పడుచువాడు దప్పి యని చెంబు వెదకుకొనును. తాత దప్పి లేదు గదా యని అరుగుమీద కూర్చుండును. కావున వేసవిలో దప్పిని నమ్ముకొనక గంటగంటకు కొంచెము త్రాగవలయును. మూత్రము ముదురు పసుపైనను, రోజులో మిక్కిలి తక్కువసార్లు వచ్చినను నీరు చాలలేదని గుర్తు. ఉప్పువేసిన పలుచని మజ్జిగయు, గంజియు, అంబలియు మంచివే. విరేచనములచేత నీరసించినచో లీటరు కాచి చల్లార్చిన నీట చదునుగా కొలిచిన ఆఱు చిన్న చెంచాల చక్కెరయు, అర చెంచా యుప్పును కలిపి మెల్లగా త్రాగింపవలయును. ఉప్పు అంతకు మించరాదు. ఒడలు కాలిపోవుచు, మాట తడబడుచున్నచో అది వడదెబ్బ. వానికి నోట నీరు పోయక, నీడకు జేర్చి, ఒడలంతయు తడిపి, విసరుచు ఆసుపత్రికి చేర్చుడు. గుండె జబ్బునకో, మూత్రపిండముల జబ్బునకో మందు వాడుచున్నవారు మాత్రము నీటి కొలతను, ఉప్పు కొలతను తమ వైద్యుని నడిగియే నిర్ణయించుకొనవలయును.